ఉప్పు కచేరీ నిలువు గీతలు

జూన్ 3

నా రోజుపుస్తకం చేత్తో రాస్తున్నాను. ఆఫీసు పలక మీద టైపు చేస్తే నా తిట్లు దిద్దేస్తోంది. నిన్న "ఈ వెధవ శాఖ" అని కొడితే "ఈ గౌరవనీయ శాఖ" అని పడింది. మళ్లీ కొడితే "ఈ మహత్తర శాఖ" అయింది. మూడోసారి కొట్టే ఓపిక లేక పెన్సిలు తీసుకున్నాను. రోజుపుస్తకం రాసి తీరాలని నిబంధన ఉంది. దేనితో రాయాలో అందులో లేదు.

నా పేరు హైమవతి. రేవుపురం పాత కట్టడాల శాఖలో వట్టికళ్ల చిత్రకారిణిని, రెండో తరగతి. మొదటి తరగతి పోస్టు ఉంది గానీ మనిషి లేడు. పొద్దున్నే మొహం కడుక్కోగానే ఊరు ఊరంతా కళ్లకి సరిచూపు అద్దాలు పెట్టుకుంటుంది. ఇక చెత్తకుప్ప కనపడదు, పెచ్చులూడిన గోడ కనపడదు, మొగుడి మొహం మీద మచ్చ కనపడదు. కెమెరాలూ అంతే. ఏ గోడ పగిలిందో ఏ యంత్రమూ చెప్పలేదు. ఎప్పుడో ఒక జడ్జిగారు, పాత కట్టడాల్ని నెలకోసారి వట్టి కళ్లతో చూసి చేత్తో గీయించాలని తీర్పు ఇచ్చి పుణ్యం కట్టుకున్నారు. పదకొండేళ్లుగా నా తిండి ఆ తీర్పే.

ఇవాళ ఉప్పు కచేరీ గీశాను. రెండంతస్తులు, ఇటుక, సున్నం, వీధి వైపు మూడు వంపుల వసారా. తెల్లదొరల కాలంలో ఉప్పు లెక్కలన్నీ అక్కడే రాసేవారట. ఇప్పుడు పైన పావురాలు, కింద ఇడ్లీల నాంచారమ్మ. పగుళ్లు పద్నాలుగు. ప్రతి పగులు మీదా నేను అడ్డంగా అతికించిన గాజుపట్టీ ఉంటుంది. పగులు ఏమాత్రం కదిలినా పట్టీ ఫట్‌మంటుంది. పద్నాలుగూ చూశాను. ఒక్కటీ పగల్లేదు.

బొమ్మ తీసుకెళ్లి ఆఫీసు కౌంటర్లో ఇచ్చాను. వాళ్లు దాన్ని యంత్రంలో పెట్టారు, తెర మీద బొమ్మ వచ్చింది. పద్నాలుగు పగుళ్లూ మాయం! గోడకి కొత్త సున్నం కొట్టినట్టుంది. పోనీ నేను గీసిన పావురాన్నయినా ఉంచిందా, దాన్ని చిలకని చేసింది. నా కాగితం మాత్రం చెదలు పట్టిన బీరువాలోకి పోయింది.

జూన్ 11

బొమ్మ పోతే పోయింది, మాటల్లో రాద్దామనుకున్నాను. నివేదికలో "పగుళ్లు: 14, లోతైనవి: 5" అని రాసి పంపాను. తిరిగొచ్చిన నకల్లో "అలంకార రేఖలు: 14, మిక్కిలి మనోహరమైనవి: 5" అని ఉంది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

అధికారి సదానందం గారి గదిలోకి వెళ్లాను. మంచాయనే. ఆయనకి కోపం రాదు, అదే నా బాధ.

"చూడండి సార్, పగులుని అలంకారం చేసింది."

ఆయన తెర వైపు చూసి మెచ్చుకోలుగా తలూపారు. "బానే ఉంది కదండీ హైమవతి గారూ. ఈసారి చాలా శుభ్రంగా గీశారు."

"నేను గీసింది అది కాదు సార్. ఇదీ." కాగితం ఆయన ముక్కు కింద పెట్టాను.

ఆయన సరిచూపులోంచే కాగితాన్ని చూశారు. "అదేగా! శుభ్రంగా ఉందంటున్నాను."

దున్నపోతు మీద వాన కురిసినట్టు. ఒక్క నిమిషం సరిచూపు తీసి చూడమన్నాను. డాక్టరు వద్దన్నారట, తీస్తే తలనొప్పి వస్తుందట. ఆ తలనొప్పి పదకొండేళ్లుగా నాకొస్తోంది, ఏ డాక్టరూ వద్దనలేదు.

జూన్ 19

రెండ్రోజులుగా వాన. కచేరీ వసారాలో తలదాచుకున్నాను. నాంచారమ్మ పిన్ని పొయ్యి ఆ వంపుల కిందే. అరవై దాటిన మనిషి. వాళ్ల అమ్మమ్మ నాటినుంచీ ఇడ్లీ అక్కడే ఉడుకుతోంది. ఆ చోటుకి శాఖ ఇచ్చిన చీటీ ఉంది: కచేరీ ముంగిట పొయ్యి వెలిగినంతకాలం చోటు ఆమెది, వరసగా మూడు రోజులు వెలగకపోతే చీటీ రద్దు. అందుకని పిన్ని జ్వరమొచ్చినా వస్తుంది, తుపానొచ్చినా వస్తుంది. ఆమె కూడా సరిచూపు పెట్టుకోదు. ఆవిరికి అద్దం మసకబారిపోతుందట.

నెలనెలా నన్ను ఒకటే అడుగుతుంది: "గోడ ఉంటదా బొమ్మలమ్మా?" నేనూ ఒకటే చెబుతాను: "గాజు పగల్లేదు పిన్నీ. ఉంటుంది." ఆమె అంతటితో నమ్మి నాకు ఇంకో ఇడ్లీ వేస్తుంది.

ఇవాళ అది అడగలేదు. చట్నీ గిన్నెలు పెట్టే బల్ల పట్టుకుని తిట్టుకుంటోంది. ఆ బల్ల ఒక కొస లోపలి గోడ గూట్లో, ఇంకో కొస వీధిగోడ గూట్లో ఆనుకుని ఉంటుంది.

"ఈ వడ్రంగోడి చేతులు పడిపోను. మూడో బల్ల ఇది. ఏ బల్ల తెచ్చినా పొట్టిదైపోతంది."

"పొట్టిదవడమేంటి పిన్నీ?"

"కలప ఎండి కుంచించుకుపోతంది గావాల. మొదట్లో బెత్తెడు లోపలికి కూచునేది. సంకురాత్రికి రెండు వేళ్లే. ఇవాళ పొద్దున చూస్తే గూట్లోంచి ఊడి కింద పడింది. చట్నీ అంతా నేలపాలు."

వానాకాలంలో కలప ఎండటమేమిటి అనబోయి ఆగిపోయాను. బల్ల పొడుగు కొలిచాను. వడ్రంగి పాపం సరిగ్గానే కోశాడు. పొట్టిదవుతున్నది బల్ల కాదు.

పిన్నికి ఏమీ చెప్పకుండా ఇంటికొచ్చేశాను. పిరికిదాన్ని.

జూన్ 20

పొద్దున్నే వెళ్లాను. మేడ మీది కిటికీలోంచి దారానికి పిన్ని ఇత్తడి చెంబు కట్టి కిందకి వదిలాను. గోడ నిటారుగా ఉంటే దారం గోడని రాసుకుంటూ దిగాలి. దిగలేదు. కింద గోడకీ చెంబుకీ మధ్య జానెడు మీద రెండు వేళ్ల ఖాళీ ఉంది. గోడ మొత్తంగా వీధి మీదికి ఒరుగుతోంది. ఇంకెక్కడా కొత్తగా చీలకుండా, ఒకే ముక్కగా. అలాంటప్పుడు గాజు ఎందుకు పగులుతుంది?

సంచిలోంచి పాత బొమ్మల నకళ్లు తీశాను. నా చేత్తో గీసినవే, ఏ యంత్రమూ ముట్టుకోనివి. ప్రతి బొమ్మలోనూ వీధిగోడ నిటారుగా, సైనికుడిలా నిలబడి ఉంది. ఎందుకుండదు? కాగితం మీద ముందుగా మూలమట్టం పెట్టి నాలుగు నిలువు గీతలు గీస్తాను, ఆ తర్వాతే మిగతాదంతా. నాకు బొమ్మ నేర్పిన మాస్టారు మొదటి రోజే చెప్పారు, నిలువు గీత వంకరపోతే చేతకానివాడి బొమ్మ అని. పగుళ్లని కళ్లతో చూసి గీశాను, గోడని చూడకుండా మూలమట్టంతో గీశాను. యంత్రం దిద్దుతోందని పదకొండేళ్లు దానిమీద పడి ఏడ్చాను. దానికంటే ముందే నేను దిద్ది పెట్టాను.

పిన్ని దగ్గరికి వెళ్లి చెప్పాను.

"గోడ ఒరిగింది పిన్నీ. నేను తప్పు గీశాను. గాజు చూసి నీకు చెప్పిందంతా తప్పు. పొయ్యి ఇక్కణ్ణుంచి తీసెయ్యి."

గరిటె అలా పట్టుకుని నా వంక చూసింది. "పదకొండేళ్లు నీ గాజుముక్క చూసి ధైర్యంగా కూచున్నాను గదే! నా మనవరాలు ఆ గోడకి ఆనుకునే అక్షరాలు దిద్దింది గదే!"

"తప్పు నాదే పిన్నీ."

"తప్పంటే సరిపోద్దా? పొయ్యి తీస్తే మూడో రోజు చీటీ పోద్ది. ఉంచితే గోడ మీద పడద్ది. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. గిన్నెలు మాత్రం గట్టిగట్టిగా పెట్టింది. తిట్టినా బాగుండేది.

జూన్ 21

ఈసారి మూలమట్టం ఇంట్లో పడేసి, కళ్లతో చూసి గీశాను. ఒరిగిన గోడ, చెంబు, దారం, ఖాళీ కొలత. కౌంటర్లో యంత్రం ఆ గోడని ఒక్క క్షణంలో నిలబెట్టేసింది. దారాన్ని తోరణం చేసింది.

సదానందం గారు అన్నారు: "కట్టడం ఉత్తమ స్థితిలో ఉందని రికార్డు చెబుతోంది. రికార్డు కాదని నేను వీధి మూయిస్తే నా మీద విచారణ వస్తుంది."

"ఆ రికార్డు నా బొమ్మలే సార్. అవి తప్పు."

"పదకొండేళ్లూనా?"

"పదకొండేళ్లూ."

ఆయన నా వంక జాలిగా చూశారు. సెలవు పెట్టమన్నారు. ఒక వారం విశ్రాంతి తీసుకోమన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఈ శాఖని, సరిచూపుని, మూలమట్టాన్ని, నన్ను వరసపెట్టి తిట్టుకున్నాను. ఇక్కడ రాయనులెండి, పెన్సిలు అరిగిపోతుంది.

జూన్ 22

తెల్లవారుతూనే పిన్ని నా గుమ్మంలో ఉంది. చేతిలో ముగ్గుపిండి డబ్బా.

"గోడ పడితే ఎందాకా పడద్ది?"

"ఎత్తెంతో అంత దూరం. ఓ పాతిక అడుగులు వేసుకో."

"అయితే పద. చీటీలో కచేరీ ముంగిట అని ఉంది గానీ, ముంగిట ఎన్నడుగులో లేదు. పొయ్యి పాతికడుగుల అవతల పెడతా. మరి రోడ్డున పొయ్యే జనం సంగతేంటి? వాళ్లకి గోడ బంగారంలా కనపడతా ఉంటది."

పిచ్చిదాన్ని, నాకు తట్టనేలేదు. సరిచూపు అన్నిటినీ చెరిపేస్తుంది, ఒక్క ముగ్గుని తప్ప. నా చిన్నప్పుడు ముగ్గులు చెరిగిపోతున్నాయని ఊరి ఆడవాళ్లందరూ రోడ్డెక్కి, సరిచూపు కంపెనీ చేత ముగ్గు జోలికి రామని రాయించుకున్నారు. అడ్డంగా తాడు కడితే జనానికి కనపడదు. హెచ్చరిక బోర్డు పెడితే పూలకుండీ అయిపోతుంది. ముగ్గు మాత్రం ముగ్గుగానే కనపడుతుంది.

గోడ మొదలునుంచి పాతిక అడుగులు కొలిచి, రోడ్డు సగం దాకా హద్దు గీశాను. నేను గీస్తే తిన్నగా వచ్చింది.

"ఇది ముగ్గా, పోలీసు బందోబస్తా? చుక్కలు పెట్టవే తల్లీ," అని పిన్ని నా చేతిలోంచి పిండి లాక్కుంది. ఇరవయ్యొక్క చుక్కలు పెట్టి మెలికలు తిప్పింది. మధ్యలో ఖాళీ లేకుండా, కాలు పెట్టే సందు లేకుండా నింపాం. నడుము విరిగింది.

మొదటి ఆటో వచ్చింది. హారను కొట్టాడు, తల బయటికి పెట్టి "రోడ్డు మధ్యలో ముగ్గేంటండీ, బుద్దుండక్కర్లా" అని అరిచాడు. అరుస్తూనే బండి పక్కకి తిప్పుకుని పోయాడు. తొక్కలేదు. వెనకాల వచ్చిన వాళ్లూ అంతే. తిట్టని వాడు లేడు, తొక్కిన వాడూ లేడు.

జూన్ 27

ఆరో రోజు. రోజూ తెల్లవారుజామున ముగ్గు, రోజూ మధ్యాహ్నానికి వాన, ముగ్గు కాలవలోకి. మళ్లీ ముగ్గు. నా వేళ్లు పెన్సిలు పట్టుకోడానికి పనికిరావడం లేదు. పిన్ని నాతో మాట్లాడటం మొదలెట్టింది, కానీ ఇంకా రెండో ఇడ్లీ వెయ్యడం లేదు. శాఖ నుంచి ఒక నోటీసు వచ్చింది, ముగ్గు అందంగా ఉన్నందున దాన్ని కట్టడం చిత్రంలో శాశ్వతంగా చేర్చాలని ప్రతిపాదన. నేను నవ్వాలా ఏడవాలా!

జూలై 1

పది గంటల పన్నెండు నిమిషాలకి పడింది.

పెద్ద చప్పుడేం ముందుగా రాలేదు. పావురాలన్నీ ఒకేసారి లేచాయి. పిన్ని "అమ్మో" అంది. గోడ పైనుంచి వంగి, నిదానంగా, వసారాతో సహా రోడ్డు మీదికి వచ్చేసింది. దుమ్ములో కాసేపు ఒకళ్లకొకళ్లం కనపడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే ఆఖరి ఇటుక ముగ్గు అంచు దాటకుండా, రెండడుగుల ముందే ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. పిన్ని పొయ్యి మాత్రం దుమ్ముకి ఆరిపోయింది. పిన్నిని పట్టుకుని ఏడ్చేశాను. ఆమె నా వీపు నిమిరి, "ఏడ్చింది చాల్లే, నోట్లో దుమ్ము పోద్ది" అంది.

జూలై 3

ఇంతకంటే విచిత్రం నా సర్వీసులో చూడలేదు. ఊళ్లో ఎవరికీ గోడ పడినట్టు తెలియదు. కట్టడాలకు సరిచూపు చూపించే బొమ్మ శాఖ రికార్డులోది, రికార్డులో కచేరీ నిక్షేపంగా ఉంది. నిన్న ఒక పెళ్లిజంట వచ్చి ఇటుకల కుప్ప ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంది. ఒక పెద్దాయన వసారాలో కూర్చుందామని వచ్చి మోకాలు గీరుకుని, మెట్టు కొత్తగా కట్టారా అని అడిగి పోయాడు.

శిథిలాలు రోడ్డు మీదున్నాయి, గాలి వీస్తే దుమ్మంతా పొయ్యి మీదికే, అక్కడ వండే వీల్లేదు. పిన్ని సందు చివర వండుతోంది. సాయంత్రం ఆమె పలకకి సందేశం వచ్చింది: కచేరీ ముంగిట రెండు రోజులుగా పొయ్యి వెలగలేదు, రేపు కూడా వెలగకపోతే చీటీ రద్దు. ఇంకో చోటు అడగడానికి పిన్ని కౌంటర్‌కి వెళ్తే, మీ కచేరీ బాగానే ఉంది కదమ్మా, వదిలి వెళ్లింది మీరే కదా అన్నారట.

అది విన్నాక నాకు ఒళ్లు మండింది. మనిషి ప్రాణం దక్కించుకుందని చోటు పీకేస్తారా? నా తప్పుకి శిక్ష ఆమెకా?

జూలై 4

ఆఫీసు తెరవగానే సదానందం గారి గదిలోకి వెళ్లి, ఆయన చెయ్యి పట్టుకుని లేవదీశాను. పదకొండేళ్లలో ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు. "రండి సార్, కచేరీలో ఇడ్లీ తిందురు గాని" అన్నాను. ఇడ్లీ అనేసరికి కాదనలేదు.

కచేరీ ముందు పిన్ని నిలబడి ఉంది. ఆయన ఆమెకి నమస్కారం పెట్టి, నవ్వుతూ మధ్య వంపు లోపలికి నడిచారు. అంటే, వంపు ఉందనుకున్న చోటికి. మూడో అడుగుకి ఇటుకల కుప్ప తగిలి బోర్లా పడ్డారు. మోచేయి చీరుకుంది. సరిచూపు ఊడి సున్నంలో పడింది.

వెతుక్కోబోయి తలెత్తారు. పైన గదుల్లో సగం ఆకాశం, గోడ ఉండాల్సిన చోట పావురాలు.

"ఇది... ఎప్పటినుంచి?"

"పడింది ఒకటో తారీకున సార్. ఒరుగుతున్నది ఎన్నేళ్లనుంచో నాకు తెలీదు. నేను గీయలేదు."

పిన్ని ఆయన మోచేతికి పసుపు అద్దింది. "మంటగా ఉందా బాబూ? ఉండనీ. ఆ అద్దాలు చెరపలేంది ఇదొక్కటే గదా."

ఆయన నా సంచిలోని ఒరిగిన గోడ బొమ్మ అడిగారు. యంత్రంలో పెట్టమనలేదు. ఇటుకల మీద కూర్చుని, నా పెన్సిలుతో, కాగితం మీదే సంతకం పెట్టారు: చూశాను, పడిపోయింది. పిన్నికి రేపటికల్లా ఇంకో చోటు ఇస్తానని మాటిచ్చారు. జాలేసింది, ఏం చేస్తాం.

జూలై 5

మాట నిలబెట్టుకున్నారు. పిన్నికి కొత్త చీటీ వచ్చింది. పాత తపాలా బంగళా వసారా, రోడ్డు దగ్గర, నీడ ఉంటుంది, కచేరీ కంటే బేరం ఎక్కువ. పిన్ని ఆ కాగితం పట్టుకుని పరుగున మా ఇంటికొచ్చింది. ఇడ్లీలు కూడా తెచ్చింది, లెక్క చూడకుండా.

"చదువు, చదువు. బంగళా గట్టిదేనని కూడా రాశారంట."

చదివాను. తపాలా బంగళా, కట్టడం స్థితి ఉత్తమం. ఆధారం: చిత్రకారిణి హైమవతి స్వహస్తంతో గీసిన చిత్రం, మే నెల.

ఊళ్లో ముప్పై ఆరు పాత కట్టడాలున్నాయి. అన్నీ నేనే గీశాను. అన్నిటికీ ముందు మూలమట్టం పెట్టి నాలుగు నిలువు గీతలు. వాటి కింద కొట్లున్నాయి, బడులున్నాయి, ఒకదాంట్లో కాన్పుల ఆసుపత్రి ఉంది.

"ఏంటే, మాట్లాడవు? అక్కడ పొయ్యి పెట్టుకోవచ్చా?"

"తెలీదు పిన్నీ."

"తెలీదేంటి? నువ్వు గీసిందే గదా?"

"నేను గీసిందే. అందుకే తెలీదు."

పిన్ని కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. తర్వాత నా గొడుగూ దారపు ఉండా తనే తీసి, తలుపు దగ్గర నిలబడి, "తిని లే. ముప్పై ఆరంటే ఇవాళ తెమలవు" అంది.